ఎదురు డబ్బిచ్చి పళ్లు కోసుకునే తోటలు

అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో జూన్ మొదటి వారం దాటిందంటే స్ట్రాబెర్రీ తోటల ముందు కార్లు బారులు తీరతాయి. పిల్లాపాపలతో వచ్చిన కుటుంబాలు గేటు దగ్గర అట్టపెట్టె తీసుకుని, సాళ్ల మధ్య వంగి తమ పళ్లు తామే కోసుకుని, కాటా వేయించి డబ్బు కట్టి వెళ్తాయి. అక్కడ దీన్ని ‘యూ-పిక్’ అంటారు, బ్రిటన్‌లో ‘పిక్ యువర్ ఓన్’ అంటారు. వందేళ్ల కిందట కూడా ఇలాంటి తోటల్లోనే కుటుంబాలు పిల్లలతో సహా ఇలాగే నడుం వంచి పళ్లు కోశాయి. కాకపోతే అప్పుడు డబ్బు రైతు చేతి నుంచి వాళ్ల చేతికి వచ్చేది. ఇప్పుడు వాళ్ల చేతి నుంచి రైతు చేతికి వెళ్తోంది. పని మారలేదు, డబ్బు దారి మళ్లింది. అది ఎందుకు మళ్లిందో చెప్పుకోవడమే ఈ తోటల చరిత్ర.

ఈ కథకు మూలమైన పండు వయసు మూడు వందల ఏళ్లకు మించదు. యూరప్ అడవుల్లో దొరికే స్ట్రాబెర్రీ వేలి గోరంతే ఉండేది. 1712లో చిలీ తీరానికి వెళ్లిన ఫ్రెంచి సైనిక ఇంజనీరు అమెడే ఫ్రాంస్వా ఫ్రెజియే, స్పెయిన్ వాళ్ల కోటల ఆనుపానులు కూపీ లాగుతూనే అక్కడి పెద్దకాయ స్ట్రాబెర్రీని కూడా గమనించాడు. 1714లో తిరిగొస్తూ కొన్ని మొక్కలు వెంట తెచ్చాడు. ఓడలో మంచినీళ్లకు కటకటగా ఉన్నా ఐదు మొక్కలు బతికి బట్టకట్టాయి. తీరా అవన్నీ ఆడ మొక్కలే కావడంతో ఫ్రాన్సులో ఏపుగా పెరిగాయి, పూశాయి, కాయలేదు. బ్రిటనీ ప్రాంతంలో బ్రెస్ట్ రేవు దగ్గరి రైతులు వాటి సరసన ఉత్తర అమెరికా చిన్నకాయ రకాన్ని నాటాక గానీ కాపు రాలేదు. ఆ రెండింటి సంకరమే నేటి తోట స్ట్రాబెర్రీ. దాని పుట్టుక గుట్టును 1766లో పుస్తకంగా రాసిన ఆంట్వాన్ నికొలా డ్యుషేన్‌కు అప్పటికి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు.

పండు పెద్దదైంది గానీ దాని గుణం మారలేదు. మామిడిని దోరగా కోసి గడ్డిలో మాగవేసినట్టు స్ట్రాబెర్రీని మాగవేయడం కుదరదు. మొక్క మీద పండితేనే తీపి. పండాక రెండు మూడు రోజులకు మించి ఆగదు. ఒక మడిలో కాయలన్నీ ఒకేసారి పండవు కాబట్టి మూడు నాలుగు వారాల పాటు రోజు విడిచి రోజు అదే సాలు మళ్లీ మళ్లీ కోయాలి. పంటను పెంచడానికి నలుగురు చాలిన చోట కోయడానికి నలభై మంది కావాలి, అదీ నెల రోజులకే. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో రైళ్లు వచ్చి, 1851లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీలో జేమ్స్ విల్సన్ పెంచిన గట్టికండ రకం ప్రయాణానికి తట్టుకోవడంతో నగరాల చుట్టూ వందల ఎకరాల్లో తోటలు లేచాయి. ఇక మిగిలిన ప్రశ్న ఒక్కటే: ఆ నెల రోజులకు మనుషులు ఎక్కడి నుంచి రావాలి?

మేరీలాండ్ రాష్ట్రంలో అందుకు జవాబు బాల్టిమోర్ నగరంలోని పోలిష్ వలస కుటుంబాలు. వేసవి మొదట్లో తల్లులు పిల్లల్ని వెంటేసుకుని బెర్రీ పొలాలకు వెళ్లేవారు. చలికాలంలో అవే కుటుంబాల్లో చాలా భాగం దక్షిణాన గల్ఫ్ తీరానికి పోయి ఆల్చిప్పల డబ్బా ఫ్యాక్టరీల్లో చేరేవి. పొలంలో కూలి రోజుకింత అని కాదు, బుట్టకింత. క్వార్టు బుట్టకు ఒకటి రెండు సెంట్ల లెక్క కాబట్టి ఐదేళ్ల పిల్ల చేతులు కూడా ఇంటి లెక్కలోకి వచ్చేవి. జాతీయ బాలకార్మిక సంఘం తరఫున లూయిస్ హైన్ అనే ఫొటోగ్రాఫరు 1909లో ఈ పొలాల్లో తిరిగి ఫొటోలు తీశాడు. బుట్టల దొంతరను తమ బరువుకు మించి మోస్తున్న పసివాళ్లు, ఒక్కో గదిలో కొన్ని కుటుంబాలు సర్దుకుని పడుకునే పాకలు వాటిలో కనిపిస్తాయి. ఫొటోల కింద పిల్లల వయసును అతను శ్రద్ధగా రాసి పెట్టాడు.

మరుసటి ఏడు సెప్టెంబరులో హైన్ న్యూజెర్సీలోని వైట్స్‌బాగ్‌కు వెళ్లాడు. అది వైట్ కుటుంబానికి చెందిన పెద్ద క్రాన్‌బెర్రీ ఎస్టేటు. అక్కడికి కోతకు వచ్చేది ఫిలడెల్ఫియా ఇటాలియన్ కుటుంబాలు. వాళ్లను పోగుచేసి తెచ్చే ‘పడ్రోనే’ పని మన ముఠామేస్త్రీ పనే. ఆ ఫొటోలు పెద్ద దుమారం లేపాయి. యజమాని కూతురు ఎలిజబెత్ వైట్ ఆరోపణలను గట్టిగా ఖండించింది. చిత్రమేమిటంటే, నేటి కుటుంబ విహారాలకు ఇష్టమైన ఇంకో పండు పుట్టింది కూడా ఆ ఎస్టేటులోనే, ఆమె చేతుల మీదుగానే. అప్పటిదాకా బ్లూబెర్రీ అడవిలో ఏరుకొచ్చే కాయే తప్ప సాగులో లేదు. ఆమ్ల నేల ఉంటేనే అది బతుకుతుందని వ్యవసాయ శాఖ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ కోవిల్ 1910లో ప్రకటించిన పరిశోధన చదివి, 1911లో ఆమె ఆయనకు ఉత్తరం రాసింది. చుట్టుపక్కల పైన్ అడవుల్లో తిరిగే వాళ్లకు రంధ్రం తొలిచిన కొలత బిళ్లలిచ్చి, ఆ రంధ్రంలోంచి జారనంత పెద్ద కాయలు కాసే పొద చూపించిన వాళ్లకు డబ్బిచ్చింది. చూపించిన వాడి పేరే పొదకు పెట్టింది. రూబ్ లీక్ అనే అతను చూపించిన ‘రూబెల్’ రకం ఇప్పటికీ సాగులో ఉంది. సాగుచేసిన తొలి బ్లూబెర్రీ పంట 1916లో అమ్మకానికి వెళ్లింది.

పడమటి తీరంలో బెర్రీ సాగు చాలా వరకు జపనీస్ వలసదారుల కష్టం. వాషింగ్టన్ రాష్ట్రంలో ఇప్పుడు తెలుగు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు వేలల్లో ఉంటున్న బెల్‌వ్యూ ఒకప్పుడు స్ట్రాబెర్రీ ఊరు. కలప కంపెనీలు చెట్లు నరికి వదిలేసిన మోడుల నేలను పెళ్లగించి చదును చేసింది ఆ కుటుంబాలే. 1921 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం ఆ నేల కొనుక్కునే హక్కు మాత్రం వాళ్లకు లేదు. 1925 నుంచి ఏటా జరిగిన స్ట్రాబెర్రీ ఉత్సవానికి సియాటిల్ నుంచి జనం విరగబడి వచ్చేవారు. జపాన్‌తో యుద్ధం వచ్చి, వాళ్లను తీరం నుంచి తరలించడానికి దారి తీసిన అధ్యక్షుడి ఉత్తర్వు 1942 ఫిబ్రవరిలో వెలువడింది. మే నెలలో, పంట సరిగ్గా చేతికొచ్చే వేళ, ఆ కుటుంబాలన్నిటినీ రైలెక్కించి నిర్బంధ శిబిరాలకు తరలించారు. పండించేవాళ్లు లేక ఉత్సవమూ ఆగిపోయింది. ఇప్పుడా నేలలో చాలా భాగం మాల్స్, ఆఫీసు భవనాల కిందకు వెళ్లింది. లార్సన్ లేక్ పక్కన నగరపాలక సంస్థ అధీనంలో ఉన్న బ్లూబెర్రీ తోట లాంటి ఒకటి రెండు చోట్ల పాత ఆనవాళ్లు మిగిలాయి.

పక్కనున్న ఓరెగాన్‌లో కోత పని బడిపిల్లలది. జూన్‌లో సెలవులివ్వగానే తెల్లవారుజామున పాత స్కూలు బస్సులు వీధుల్లో తిరిగి పిల్లల్ని ఎక్కించుకుని విల్లమెట్ లోయ పొలాలకు తీసుకెళ్లేవి. కొత్త బట్టలకూ సైకిళ్లకూ అక్కడే డబ్బు సంపాదించుకున్న తరాలు ఉన్నాయి. 1938 నాటి కార్మిక ప్రమాణాల చట్టం వ్యవసాయాన్ని వదిలేసింది కాబట్టి అదంతా చట్టబద్ధమే. 1974 సవరణలు పన్నెండేళ్ల లోపు పిల్లల పనికి గట్టి పరిమితులు పెట్టాయి. దానికి పదేళ్ల ముందే, 1964 ఆఖరున, మెక్సికో కూలీలను ఒప్పందం మీద రప్పించే ‘బ్రసెరో’ పథకం ముగిసింది. 1966 సవరణలతో కనీస వేతన చట్టం పెద్ద పొలాలకూ వర్తించింది. పదేళ్ల వ్యవధిలో చవక చేతులన్నీ ఒక్కొక్కటిగా రైతుకు దూరమయ్యాయి.

కూలి పనే విహారం కావచ్చన్న ఊహకు మాత్రం మూలం బ్రిటన్‌లో కనిపిస్తుంది. బీరులో వాడే హాప్ పూల కోతకు తూర్పు లండన్ పేదలు ఏటా సెప్టెంబరులో కెంట్ జిల్లాకు ప్రత్యేక రైళ్లలో వెళ్లేవారు. అమ్మమ్మ, తల్లి, పిల్లలు, వంటగిన్నెలు, పరుపు చుట్టలు అన్నీ బండెక్కేవి. జీతం వచ్చే సెలవులంటే వాళ్లకు అవే. పొగలేని గాలి, రాత్రిపూట మంట చుట్టూ పాటలు ఒక పక్క, రేకుల పాకల్లో కాపురం, చేతులు గీరుకుపోయే పని ఇంకో పక్క. 1931లో జార్జ్ ఆర్వెల్ వాళ్లతో కలిసి కోతకు వెళ్లి అక్కడి చాలీచాలని కూలి గురించి రాశాడు. స్కాట్లండ్‌లో బ్లెయిర్‌గౌరీ చుట్టుపక్కల రాస్ప్‌బెర్రీ తోటలకు జులైలో గ్లాస్గో, డండీ కుటుంబాలూ, సంచారజాతుల వాళ్లూ చేరేవారు. 1950లలో జానపద సేకర్త హమిష్ హెండర్సన్ ఆ తోటల్లో గుడారం వేసుకుని పాటలు రికార్డు చేశాడు. హాప్ కోతను తర్వాత యంత్రాలు మింగేశాయి. బెర్రీకి అంత సులువైన యంత్రం రాలేదు. మెత్తటి పండు మనిషి వేళ్లనే అడిగింది. 1960లలో రేడియో, టీవీ శ్రోతలకు చిరపరిచితుడైన రైతు టెడ్ మోల్ట్ లాంటివాళ్లు తమ స్ట్రాబెర్రీ తోటల్లోకి కొనేవాళ్లనే రానిచ్చారు.

అమెరికాలో ఈ పద్ధతి మొదలైంది ఆర్థిక మాంద్యం రోజుల్లో, ఏ ప్రణాళికా లేకుండా. 1930లలో కోత కూలి, బుట్టల ఖర్చు, రవాణా, దళారి కమిషన్ తీసేస్తే రైతుకు చేతి నుంచి పడే పరిస్థితి వచ్చింది. పొలంలో కుళ్లబెట్టే కన్నా ఊరి జనానికే వదిలేద్దామని రోడ్డు పక్కన బోర్డు పాతినవాళ్లు అక్కడక్కడా కనిపిస్తారు. యుద్ధకాలంలో మనుషులకూ బుట్టలకూ కొరత రావడంతో మరికొందరు అదే దారి పట్టారు. దాన్ని అప్పట్లో ఎవరూ వ్యాపారం అనుకోలేదు. నష్టం తగ్గించుకునే ఉపాయం, అంతే.

అది నిజమైన వ్యాపారమైంది 1960లు, 70లలో. కూలి రేట్లు పెరిగిన ఆ రోజుల్లోనే కొత్త రహదారులు శివారు కాలనీలను పొలాల అంచుకు చేర్చాయి. ప్రతి ఇంటికీ కారు వచ్చింది, చాలా ఇళ్లలో పెద్ద డీప్‌ఫ్రీజరు వచ్చింది. 1970లలో కిరాణా ధరలు మండిపోతుంటే కొట్టు ధరలో సగానికి పండు దొరకడం మామూలు విషయం కాదు. అప్పటి గిరాకీ సరదాది కాదు, సరుకుది. ఒక గృహిణి వచ్చిందంటే ఇరవై ముప్పై పౌన్లు కోసుకుని, ఆ సాయంత్రమే జామ్ కాచి సీసాలకెత్తి, మిగిలింది ఫ్రీజర్లో పెట్టేది. ఏడాది పొడవునా ఇంటికి సరిపడే నిల్వ అది, మన ఇళ్లలో వేసవి ఆవకాయలాగే. రైతులు నేరుగా వినియోగదారులకు అమ్ముకోవడాన్ని ప్రోత్సహిస్తూ 1976లో కేంద్ర చట్టం కూడా వచ్చింది. విశ్వవిద్యాలయాల వ్యవసాయ విస్తరణ విభాగాలు కార్లు ఎక్కడ ఆపించాలో, మరుగుదొడ్లు ఎన్ని ఉండాలో, ఎవరైనా కాలుజారి పడితే బీమా సంగతేమిటో వివరిస్తూ రైతులకు కరపత్రాలు పంచాయి. ఈ రోజు పండ్లు ఉన్నాయా లేవా అన్నది రైతు పొద్దున్నే టేపు మీద రికార్డు చేసి పెడితే జనం ఫోన్ చేసి వినేవారు.

తోటలో పద్ధతి అప్పుడూ ఇప్పుడూ ఒకటే. గేటు దగ్గర ఖాళీ పెట్టెను తూచి బరువు రాసుకుంటారు. ట్రాక్టరు ట్రాలీ మడి దగ్గర దింపుతుంది. అక్కడున్న మనిషి ఒక సాలు చూపించి, చివరి మనిషి ఎక్కడ ఆపాడో చెప్పే చిన్న జెండా దగ్గర నుంచి మొదలుపెట్టమంటాడు. సాళ్లు దాటి అడ్డంగా నడవకూడదు. మొక్కల కింద గోధుమ గడ్డి పరిచి ఉంటుంది, కాయకు మన్ను అంటకుండా. పండును పట్టుకుని లాగితే నలుగుతుంది. తొడిమకు కొంచెం పైన కాడను బొటనవేలి గోటితో, చూపుడువేలితో తుంచాలి. ఆకును పక్కకు తీసి చూస్తే పైనున్న వాటి కన్నా కింద దాక్కున్నవే బాగా పండి ఉంటాయి. పెట్టెలో నాలుగైదు అంగుళాలకు మించి పోస్తే అడుగువి చితికిపోతాయి. బ్లూబెర్రీ అయితే గుత్తి కింద చెయ్యి పట్టి బొటనవేలితో దొర్లిస్తే పండినవే రాలతాయి. కాడ దగ్గర ఎర్రటి వలయం ఉంటే ఇంకా పులుపే. రాస్ప్‌బెర్రీ పండితే తెల్లటి బొడిపెను పొదకే వదిలి బోలుగా ఊడి వస్తుంది. ఇక పిల్లలు తినేదానికి లెక్క లేదు. లోపలికి వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ పిల్లల్ని కూడా కాటా వేయాలన్నది ఆ రైతుల పాత జోకు. ఎలాగూ ఆ తిండిని ధరలో కలుపుకునే ఉంటారు.

రైతుకు ఇదేమీ ఉచితంగా వచ్చిన కూలి కాదు. వచ్చేవాళ్లు కంటికి నచ్చిన పెద్ద కాయలు కోసి చిన్నవీ మరీ పండినవీ వదిలేస్తారు. వదిలేసిన పండు కుళ్లి బూజు పట్టి పక్క కాయకు అంటిస్తుంది. తొక్కేసిన మొక్కలు సరేసరి. శనివారం వాన పడితే వారం కాపు నేలపాలే. అందుకే చాలా తోటల్లో జనం రాకముందో వెళ్లాకో కూలీలు దిగి మిగిలినవి కోసి సాళ్లు శుభ్రం చేస్తారు. రోడ్డు పక్క దుకాణానికి వెళ్లే పండ్లు కోసేదీ వాళ్లే. వాళ్లలో మెక్సికో నుంచి వచ్చినవాళ్లే ఎక్కువ. కాయకు డబ్బు తీసుకునేవాళ్లు, కాయకు డబ్బు కట్టేవాళ్లు ఒకే తోటలో, కొన్నిసార్లు పక్కపక్క మడుల్లోనే పని చేస్తారు. ఈ సంగతి తోటల ప్రకటనల్లో కనిపించదు.

1980ల నుంచి ఫ్రీజరు నింపుకునే గిరాకీ తగ్గుతూ వచ్చింది. ఆడవాళ్లు ఉద్యోగాలకు వెళ్లడం పెరిగి జామ్ కాచే తీరిక పోయింది. కాలిఫోర్నియా, ఫ్లోరిడా, మెక్సికో పండు పన్నెండు నెలలూ సూపర్‌మార్కెట్లో దొరికింది. పగటి పొడవుతో పని లేకుండా కాసే రకాలను కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రాయిస్ బ్రింగ్‌హర్స్ట్ తయారు చేశాడు. అందుకు కావాల్సిన గుణం ఆయనకు యూటా కొండల్లోని అడవి మొక్కలో దొరికింది. పండు అరుదైనది కాకుండా పోయాక తోటకు రావడానికి ఇంకో కారణం కావాలి. ఆ కారణం పిల్లలైంది. తోటల్లో మేకపిల్లలు, గడ్డిబండి సవారీలు, ఐస్‌క్రీమ్ కౌంటర్లు వెలిశాయి. 1993లో పెన్సిల్వేనియాలో మొక్కజొన్న చేనును చిక్కుదారిగా కోసి టికెట్టు పెడితే అది దేశమంతా పాకింది. మనిషి కొనేది ముప్పై పౌన్ల నుంచి రెండు మూడు పౌన్లకు పడిపోయింది, రైతు రాబడి పండు నుంచి టికెట్టుకు మారింది. ఈ మార్పు ఎంత దూరం పోగలదో కాలిఫోర్నియాలో వాల్టర్ నాట్ తోట ఎప్పుడో చూపించింది. రోడ్డు పక్క బెర్రీలమ్మిన కుటుంబం 1932లో బాయ్‌సెన్‌బెర్రీని బతికించింది. 1934లో భార్య కార్డీలియా కోడిమాంసం భోజనాలు పెట్టింది. వరసలో నిలబడ్డ జనానికి కాలక్షేపంగా 1940లో ఒక పాతకాలపు ఊరి సెట్టింగు వేశారు. ఇప్పుడక్కడ రోలర్‌కోస్టర్లు ఉన్నాయి, పేరులో తప్ప బెర్రీ తోట లేదు.

2008లో కాలిఫోర్నియాలో బయటపడ్డ మచ్చరెక్కల ఈగ కొన్నేళ్లలోనే దేశమంతా వ్యాపించింది. మామూలు పండుఈగ కుళ్లిన పండునే వెతుక్కుంటుంది. ఇది దోరకాయకే రంపం లాంటి అవయవంతో గాటు పెట్టి గుడ్లు పెడుతుంది. ఆలస్యంగా కాసే రాస్ప్‌బెర్రీని దీని బాధ పడలేక వదిలేసిన తోటలున్నాయి. పండిన ప్రతి కాయా వెంటనే కోసేయాలన్నది దీనికి మొదటి మందు. జనానికి వదిలేసిన తోటలో సరిగ్గా అదే జరగదు. 2020 కరోనా వేసవిలో సినిమా హాళ్లూ పార్కులూ మూతపడితే ఆరుబయట తోటలకు గిరాకీ ఎగబాకింది. ముందుగా ఆన్‌లైన్లో సమయం బుక్ చేసుకునే పద్ధతి అప్పుడు స్థిరపడి చాలా చోట్ల అలాగే ఉండిపోయింది.

ఈ తోటలకు ఇరవై ముప్పై ఏళ్లుగా కొత్త ఖాతాదారులు వలస కుటుంబాలు. న్యూజెర్సీలో జూన్ స్ట్రాబెర్రీలకు, జులై బ్లూబెర్రీలకు, కాలిఫోర్నియాలో బ్రెంట్‌వుడ్ చెర్రీలకు వచ్చే వాళ్లలో తెలుగువాళ్లు బాగానే కనిపిస్తారు. విజిటర్ వీసా మీద వచ్చిన తల్లిదండ్రులను తప్పక తీసుకెళ్లే చోట్లలో ఇదొకటి. ఆ పెద్దవాళ్లలో సొంతూళ్లో మిరప కోతలకు, పత్తి తీతకు మనుషులు దొరక్క మేస్త్రీల చుట్టూ తిరిగిన రైతులు ఎందరో. కర్నూలు పడమటి మండలాల నుంచి గుంటూరు మిరప చేలకు పిల్లలతో సహా వలసొచ్చే కుటుంబాలను చూసినవాళ్లకు బాల్టిమోర్ కథ విడమరిచి చెప్పక్కర్లేదు.

భారతదేశంలో స్ట్రాబెర్రీకి కేంద్రం మహారాష్ట్రలోని మహాబలేశ్వరం. బ్రిటిష్ వాళ్ల వేసవి విడిదిగా ఉన్న రోజుల్లో అక్కడ మొదలైన సాగుకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడి నుంచి తెచ్చిన మొక్కలతోనే విశాఖ మన్యంలో, ఇప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగి, చింతపల్లి చుట్టూ తోటలు మొదలయ్యాయి. ఇక్కడ మాత్రం ఇది వేసవి విహారం కాదు, చలికాలపు సరదా. డిసెంబరు, జనవరి నెలల్లో మంచు చూడటానికి తెల్లవారకముందే వచ్చిన జనం పొద్దెక్కాక తోటలకు మళ్లుతారు. ఎత్తు బెడ్లు, ప్లాస్టిక్ షీటు, బిందుసేద్యం, గేటు దగ్గర టికెట్టు, ఆపైన కోసుకున్న దానికి తూకం. హైదరాబాద్ శివార్లలో కొన్ని ద్రాక్షతోటలూ ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఇదే పద్ధతి పెట్టాయి, కత్తెర వాళ్లే ఇస్తారు. లంబసింగిలో మార్చి ఎండలు ముదిరేసరికి కాయ చిన్నబడి కాపు ఆగిపోతుంది. వానలు తగ్గాక కొత్త నారు తెప్పించి మళ్లీ నాటతారు.